ప్యాచ్‌బేలో ఏది పైన, ఏది కింద?

సౌండ్ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ బయట ఉండే ఎఫెక్ట్ పెట్టెల గురించే. వాటిని మిక్సర్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ ఎలా కలపాలన్నదే అందరి సందేహం. అందుకే ఈసారి అవే తీసుకున్నాను. కొత్తవాళ్ల కోసం కొన్ని మాటలు ముందే చెబుతాను. ప్యాచ్‌బే అంటే యంత్రాల వెనకున్న సాకెట్లని ముందుకు, ఒకే పలక మీదికి తెచ్చే పెట్టె. ఇంటర్‌ఫేస్ అంటే కంప్యూటర్‌లోకీ బయటికీ సౌండ్ చేరవేసేది. ఇన్సర్ట్ అంటే ఛానెల్ మధ్యలో సౌండ్‌ని బయటికి పంపి వెనక్కి తెచ్చుకునే సాకెట్. ఆక్స్ సెండ్ అంటే ఛానెళ్ల సౌండ్‌లోంచి కొంత నకలు తీసి ఎఫెక్ట్‌కి పంపే దారి, అది తిరిగి వచ్చే దారి రిటర్న్. రివర్బ్ హాల్లో పాడినట్టు ప్రతిధ్వని చేరుస్తుంది, కంప్రెసర్ సౌండ్ హెచ్చుతగ్గుల్ని సర్దుతుంది.

ప్రశ్న: మేడమ్, ఇంటి మేడమీద గదిలో చిన్న రికార్డింగ్ రూమ్ పెట్టుకున్నాను. 8 ఇన్, 8 అవుట్ ఉన్న ఇంటర్‌ఫేస్ ఉంది. 12 ఛానెళ్ల అనలాగ్ మిక్సర్ ఉంది, అందులో మొదటి నాలుగు ఛానెళ్లకి ఇన్సర్ట్, మొత్తంగా రెండు ఆక్స్ సెండ్లు, ఒక స్టీరియో రిటర్న్. సెకండ్ హ్యాండ్‌లో కొన్న లెక్సికన్ రివర్బ్, యమహా ఎస్‌పీఎక్స్90 ఎఫెక్ట్ పెట్టె, రెండు ఛానెళ్ల కంప్రెసర్ ఉన్నాయి. ఏది వాడాలన్నా టార్చ్ పట్టుకుని ర్యాక్ వెనక్కి దూరాల్సి వస్తోంది. 48 పాయింట్ల ప్యాచ్‌బే కొన్నాను. ఎలా సర్దుకోవాలి? హాఫ్ నార్మల్ అంటే ఏమిటి?
— విజయవాడ పాఠకుడు

జవాబు: ప్యాచ్‌బేని ఇంకా బిగించకండి. ముందు కాగితం మీద 24 గడుల వరసలు రెండు గీయండి, ఒకటి పైన, ఒకటి కింద. పై వరసలో అన్నీ అవుట్‌పుట్లు, కింది వరసలో అన్నీ ఇన్‌పుట్లు. ఈ ఒక్క పద్ధతి తప్పకపోతే అర్ధరాత్రి నిద్రమత్తులో కూడా మీ చెయ్యి సరైన సాకెట్ మీదికే వెళ్తుంది.

నేను పని నేర్చుకున్నది చెన్నై వడపళనిలో, పెద్ద కన్సోల్ పక్కన. ఇంటికి వెళ్లేముందు ఆ రోజు పెట్టిన ప్యాచ్ కార్డులన్నీ (బే ముందు సాకెట్లని కలిపే పొట్టి వైర్లు) తీసేసి వెళ్లాలని మా చీఫ్ ఇంజినీర్ నియమం. పొద్దున వచ్చిన వాళ్లకి ముందు ఒక్క కార్డు కూడా లేకుండా స్టూడియో పూర్తిగా నడవాలి. మీ రూమ్‌కి కూడా నేను అదే చెబుతాను. రోజూ వాడే దారులన్నీ బే వెనకే కలిసిపోవాలి. ముందు కార్డు పెట్టేది ఆ దారి మార్చాలనుకున్నప్పుడు మాత్రమే.

హాఫ్ నార్మల్ ఇక్కడే పనికొస్తుంది. పై సాకెట్, దాని కింది సాకెట్ లోపల కలిసే ఉంటాయి. కింది సాకెట్‌లో కార్డు పెడితే ఆ కలయిక తెగి, మీరు తెచ్చిన సిగ్నల్ లోపలికి వెళ్తుంది. పై సాకెట్‌లో పెడితే తెగదు. పంట కాలువ పారుతూనే ఉండగా పక్కకి పిల్లకాలువ తీసినట్టు, అదే సిగ్నల్ ఇంకో చోటికి కూడా వెళ్తుంది. ఫుల్ నార్మల్ అయితే పైన పెట్టినా కింద పెట్టినా తెగుతుంది. థ్రూ అయితే ఆ రెండూ అసలు కలిసి ఉండవు. కొన్ని బేలకి ప్రతి జతకీ చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నింటిలో లోపలి సర్క్యూట్ పలక తీసి తిప్పి పెట్టాలి. మీది ఏ రకమో చూసి, ర్యాక్‌లో బిగించకముందే అన్నీ సెట్ చేయండి. తర్వాత చెయ్యి దూరదు.

ఇంటర్‌ఫేస్ 1, 2 అవుట్‌పుట్లు నేరుగా స్పీకర్లకే పోనివ్వండి, బే మీదికి తేవద్దు. మిగతావి ఇలా:

1 నుంచి 6: పైన ఇంటర్‌ఫేస్ అవుట్ 3 నుంచి 8, కింద మిక్సర్ ఛానెళ్లు 5 నుంచి 10. హాఫ్ నార్మల్.
7: పైన ఆక్స్ 1, కింద లెక్సికన్ ఎడమ ఇన్. హాఫ్ నార్మల్.
8: పైన ఆక్స్ 2, కింద ఎస్‌పీఎక్స్90 ఇన్. హాఫ్ నార్మల్.
9, 10: పైన లెక్సికన్ అవుట్లు, కింద మిక్సర్ ఛానెళ్లు 11, 12. హాఫ్ నార్మల్.
11, 12: పైన ఎస్‌పీఎక్స్90 అవుట్లు, కింద స్టీరియో రిటర్న్. హాఫ్ నార్మల్.
13, 14: పైన కంప్రెసర్ అవుట్లు, కింద కంప్రెసర్ ఇన్‌లు. థ్రూ.
15 నుంచి 18: పైన ఇన్సర్ట్ సెండ్లు, కింద ఇన్సర్ట్ రిటర్న్‌లు. హాఫ్ నార్మల్.
19, 20: పైన మిక్సర్ మెయిన్ అవుట్, కింద ఇంటర్‌ఫేస్ ఇన్ 3, 4. హాఫ్ నార్మల్.
21 నుంచి 24: కింద ఇంటర్‌ఫేస్ ఇన్ 5 నుంచి 8, పైన ఖాళీ. రేపు కొనబోయే పెట్టెకి.

13, 14 గడుల్ని మళ్లీ చూడండి. అక్కడ కూడా హాఫ్ నార్మల్ పెడితే కంప్రెసర్ అవుట్‌పుట్ దాని ఇన్‌పుట్‌లోకే తిరిగి వెళ్తుంది. అది కూత పెడుతుంది, స్పీకర్ ట్వీటర్లు పోవచ్చు. ఏ పెట్టె అయినా సరే, దాని అవుట్ కింద దాని ఇన్నే ఉంటే అది థ్రూలోనే ఉండాలి.

లెక్సికన్ కుడి ఇన్‌ని నేను కావాలనే వదిలేశాను. చాలా రివర్బ్‌లలో ఎడమ సాకెట్ ఒక్కటే వాడితే యంత్రం దాన్ని మోనోగా తీసుకుని రెండు వైపులకీ పంచుతుంది. కుడి సాకెట్‌లో వైరు దూరిందంటే, అవతల సిగ్నల్ లేకపోయినా, స్టీరియో వచ్చిందనుకుంటుంది. అప్పుడు రివర్బ్ ఒక పక్కకి ఒరిగిపోతుంది. కారణం దొరక్క రివర్బ్ పాడైందని అమ్మేసిన వాళ్లున్నారు. 1985లో వచ్చిన ఎస్‌పీఎక్స్90కి ఉన్నదే ఒక్క ఇన్, రెండు అవుట్లు కాబట్టి దానితో ఈ ఇబ్బంది లేదు.

ఇన్సర్ట్‌లకి మామూలు కేబుల్ పనిచేయదు. ఒక చివర మూడు భాగాల జాక్ (మొన టిప్, మధ్యది రింగ్, మొదలు స్లీవ్), రెండో చివర విడివిడిగా రెండు జాక్‌లు ఉన్న ఇన్సర్ట్ కేబుల్ కావాలి. ఎక్కువ మిక్సర్లలో టిప్ మీద సిగ్నల్ బయటికి వెళ్తుంది, రింగ్ మీద తిరిగి వస్తుంది. కొన్ని పాతవాటిలో తిరగేసి ఉంటుంది, మీ మిక్సర్ పుస్తకం చూడండి.

19, 20 గురించి ఒక జాగ్రత్త. మిక్సర్ అవుట్‌ని తిరిగి కంప్యూటర్‌లోకి రికార్డ్ చేసేటప్పుడు ఆ ట్రాక్ మానిటరింగ్, అంటే రికార్డవుతున్న సౌండ్‌ని వెంటనే బయటికి వినిపించడం, ఆపేయండి. లేకపోతే అది మళ్లీ మిక్సర్‌లోకి వచ్చి లూప్ అవుతుంది.

చివరగా చీటీలు. ప్రతి సాకెట్ మీదా పేరు, ప్రతి వైరు రెండు చివర్లా నంబరు. ఈ పనికి ఒక పూట పడుతుంది, ఆ పూట కేటాయించండి. పాడేవాళ్ల గొంతు సరిగ్గా కుదిరే సమయం చాలా చిన్నది. మనం వైరు వెతుక్కుంటూ ఉంటే ఆ టేక్ మళ్లీ రాదు.

ప్రశ్న: మేము చర్చి పాటలు రికార్డ్ చేస్తాం. ఆక్స్ సెండ్ నుంచి కంప్రెసర్‌కి ఇచ్చి, ఇంకో ఛానెల్‌లోకి తెచ్చుకున్నాం. గొంతు అదుపులోకి రావడం లేదు సరికదా, మొత్తం సౌండ్ పెరుగుతోంది. అలాగే రివర్బ్ ఛానెల్ పెంచితే కీచుమంటోంది. ఏం చేయాలి?
— రాజమహేంద్రవరం పాఠకులు

జవాబు: కంప్రెసర్ ఉండాల్సిన చోటు ఇన్సర్ట్. ఇన్సర్ట్‌లో పెడితే గొంతు మొత్తం దాని గుండానే వెళ్తుంది. ఆక్స్‌లో పెడితే అసలు గొంతు అలాగే ఉండిపోతుంది, దాని పక్కన నొక్కిన గొంతు అదనంగా చేరుతుంది. అందుకే మీకు సౌండ్ పెరిగింది. కొందరు కావాలనే అలా కలుపుతారు, డ్రమ్స్ మీద అది బాగుంటుంది. కానీ పాడేవాళ్ల హెచ్చుతగ్గులు సర్దడానికి అది దారి కాదు.

రివర్బ్‌కి ఆక్సే సరి. అది పది గొంతులకీ ఒక్కటే ఉండొచ్చు. ఆక్స్ పోస్ట్ ఫేడర్‌లో, అంటే ఛానెల్ సౌండ్ పెంచే మీట (ఫేడర్) తర్వాత తీసేలా, ఉంచండి; ఫేడర్ దించినప్పుడు దాని రివర్బ్ కూడా దిగుతుంది. ప్రీ ఫేడర్ హెడ్‌ఫోన్ మిక్స్‌కి. రివర్బ్ పెట్టెలో మిక్స్‌ని పూర్తిగా వెట్‌కి, అంటే అసలు గొంతు కలవకుండా రివర్బ్ మాత్రమే వచ్చేలా 100కి తిప్పండి. అసలు గొంతు మిక్సర్‌లో ఎలాగూ ఉంది.

ఇక కీచు. రివర్బ్ తిరిగి వచ్చే ఛానెల్ మీద కూడా ఒక ఆక్స్ నాబ్ ఉంటుంది. అది కాస్త తెరిచి ఉన్నా రివర్బ్ మళ్లీ రివర్బ్‌లోకే పోతుంది. ఆ నాబ్‌ని సున్నాకి తిప్పి, కదలకుండా దానిమీద చిన్న టేపు ముక్క అంటించండి.

ప్రశ్న: కంప్యూటర్‌లోని వోకల్ ట్రాక్‌ని బయటి కంప్రెసర్‌కి పంపి వెనక్కి తెచ్చి, అసలు ట్రాక్‌తో కలిపితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. పైగా కంప్రెసర్ మీటర్ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది.
— హైదరాబాద్, యూసుఫ్‌గూడ

జవాబు: ఇవి రెండు వేరు వేరు జబ్బులు.

మొదటిది ఆలస్యం. కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లి తిరిగి రావడానికి సమయం పడుతుంది. కంప్యూటర్ సౌండ్‌ని ముక్కలుగా తీసుకుంటుంది, ఆ ముక్క సైజే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్ బఫర్ అంటే ఒక వైపుకే దాదాపు 2.7 మిల్లీసెకన్లు, సౌండ్‌ని డిజిటల్‌కీ, తిరిగి అనలాగ్‌కీ మార్చే కన్వర్టర్ల సమయం దానికి అదనం. ఆలస్యమైన గొంతును అసలు గొంతుతో సమానంగా కలిపితే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి తినేస్తాయి. 5 మిల్లీసెకన్ల తేడాకి 100, 300, 500 హెర్ట్జ్ దగ్గర అలా వరసగా గుంటలు పడతాయి. మీకు వినిపిస్తున్న డబ్బా సౌండ్ అదే.

క్యూబేస్, లాజిక్, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో బయటి పెట్టె కోసం ప్రత్యేక ఇన్సర్ట్ ఉంటుంది. అది ఒక టిక్కు శబ్దం పంపి, తిరిగి వచ్చే సమయం కొలిచి సర్దుతుంది. చేత్తో కూడా చూసుకోవచ్చు. ఇంటర్‌ఫేస్ అవుట్ నుంచి ఇన్‌కి నేరుగా ఒక ప్యాచ్ కార్డు పెట్టి ఒక స్టిక్ దెబ్బ రికార్డ్ చేయండి. రెండు ట్రాకులూ జూమ్ చేసి తేడా ఎన్ని శాంపిళ్లో లెక్కపెట్టి, రికార్డయిన ట్రాక్‌ని అంత ఎడమవైపుకి జరపండి. బఫర్ మార్చినప్పుడల్లా మళ్లీ కొలవాలి. పూర్తి వెట్‌లో ఉన్న రివర్బ్‌కి మాత్రం ఈ బాధ అక్కర్లేదు, కొన్ని మిల్లీసెకన్లు ప్రీ డిలేగా, అంటే రివర్బ్ మొదలయ్యే ముందు విరామంగా, కలిసిపోతాయి.

రెండోది లెవెల్. స్టూడియో సామాను +4 డీబీయూ మీద, అంటే సుమారు 1.23 వోల్టుల మీద నడుస్తుంది. ఇళ్లలో వాడే రకం −10 డీబీవీ, అంటే సుమారు 0.32 వోల్టులు. రెండింటికీ దాదాపు 12 డెసిబెల్స్ తేడా. మీ ఇంటర్‌ఫేస్ +4లో పంపుతూ, కంప్రెసర్ వెనక స్విచ్ −10లో ఉంటే మీటర్ ఎర్రబడక మానదు. స్విచ్ రెండింటికీ ఒకటే ఉంచండి. ట్రాక్ సగటు లెవెల్ కంప్యూటర్ మీటర్ మీద −18 డీబీ దగ్గర పెట్టి పంపండి.

సౌండ్ నచ్చిన వెంటనే దాన్ని కొత్త ట్రాక్ మీద రికార్డ్ చేసేయండి. మీ దగ్గరున్నది ఒక్కటే కంప్రెసర్, రేపు అదే వేణువుకి కావాలి. నాబ్‌ల ఫోటో తీసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పెట్టుకోండి. నెల తర్వాత నిర్మాత "ఒక్క చరణం మార్చాలమ్మా" అంటే ఆ ఫోటో మిమ్మల్ని కాపాడుతుంది.

ప్రశ్న: మైకుల్ని కూడా ప్యాచ్‌బే మీదికి తెచ్చుకోవచ్చా?
— కరీంనగర్

జవాబు: ఈ జాక్ బే మీదికి వద్దు. జాక్ లోపలికి వెళ్లేటప్పుడు టిప్, రింగ్, స్లీవ్ ఒక్క క్షణం అడ్డదిడ్డంగా తగులుతాయి. 48 వోల్టుల ఫాంటమ్ (మైక్‌కి అదే వైరులో పంపే కరెంటు) ఆన్‌లో ఉంటే పెద్ద టప్పు శబ్దం వస్తుంది. రిబ్బన్ మైక్ అయితే దాని రేకు కూడా పాడవ్వొచ్చు. మైక్ నేరుగా ప్రీయాంప్‌కి, అంటే దాని సన్నటి సిగ్నల్‌ని పెంచే యంత్రానికి, వెళ్లాలి; ప్రీయాంప్ అవుట్ నుంచి మాత్రమే బే మీదికి రావాలి.

ప్రశ్న: మా బేలో ఒక ఛానెల్ ఉన్నట్టుండి పోతుంది, తట్టితే వస్తుంది. కార్డు పెడితే మాత్రం బాగానే ఉంటుంది. మాకు సముద్రం దగ్గర.
— విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: అసలు సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. కార్డు పెడితే బాగుంటుందంటే వైర్లు, యంత్రాలు బాగున్నట్టే. లోపల పైనా కిందా కలిపే రేకుల మీద పొర పట్టింది. ఉప్పుగాలికి ఇది మామూలే. స్పీకర్లు మ్యూట్ చేసి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా జాక్ మీద కొట్టి, ఆ సాకెట్‌లో కొన్నిసార్లు పెట్టి తీయండి. తుప్పు వదిలించే నూనె స్ప్రే వాడొద్దు, దానికి దుమ్ము అంటుకుంటుంది. తర్వాత కూడా నెలకోసారి, వాడని సాకెట్లతో సహా అన్నిట్లో జాక్ పెట్టి తీస్తూ ఉండండి. సెషన్ మధ్యలో పోతే పైనుంచి కిందికి ఒక కార్డు పెట్టి పని కానిచ్చేయండి.

ప్రశ్న: డాలస్‌లో ఉండే అన్నయ్య సంక్రాంతికి వస్తూ పాత రివర్బ్ ఒకటి తెస్తానంటున్నాడు. బేకి కలిపితే హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. హమ్ వస్తే ఎర్త్ పిన్ తీసేయమని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.
— గుంటూరు

జవాబు: ఎర్త్ పిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. యంత్రంలో ఏదైనా తేడా వస్తే ఆ కరెంటు ర్యాక్ ముట్టుకున్నవాళ్ల మీదికే వస్తుంది, హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడే పిల్ల మీదికి కూడా.

హమ్ కన్నా ముందు వోల్టేజీ చూడండి. అక్కడి పెట్టె 120 వోల్టులది, మన దగ్గర 230. వెనక పలక మీద ఏం రాసి ఉందో ఫోటో తీసి పంపమనండి. 120 మాత్రమే అని ఉంటే, ఆ యంత్రం వాట్‌లకి సరిపడా స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ కొని ఉంచుకోండి. అది లేకుండా ప్లగ్ పెట్టొద్దు.

హమ్ వస్తే, ముందు ర్యాక్ అంతటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. తర్వాత బే వెనక వైర్లు ఒక్కొక్కటీ తీస్తూ వినండి. ఏది తీసినప్పుడు ఆగిందో దానికి బ్యాలెన్స్‌డ్ కేబుల్ (రెండు సిగ్నల్ తీగలతో హమ్‌ని రద్దు చేసే రకం) వేయండి. ఆ రివర్బ్‌కి బ్యాలెన్స్‌డ్ అవుట్ లేకపోతే దాని అవుట్‌కీ బేకీ మధ్య ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. రెండు ఛానెళ్లది తీసుకోండి, స్టీరియోకి ఒక్కటే సరిపోతుంది.