చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటే గుండెదడ తగ్గుతుందా?

ఒంగోల్లో ఇన్ని మాత్రలు దొరుకుతుంటే, వారం వారం వెళ్లి చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటే ఏమొస్తుందని అడిగారు. ఉత్తినే చెప్పుకుంటే ఏమీ రాదండీ. సైకోడైనమిక్ థెరపీలో, అంటే లోపల అణిగిపోయిన భావాల్ని మాటలతో బయటికి తెచ్చే వైద్యంలో, అసలు పని ఆ గదిలో కూర్చున్న ఇద్దరి మధ్య జరుగుతుంది.

విడవలూరు వైపు రొయ్యల రైతు ఒకాయన అనుకోండి. రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులొచ్చి గుంట పోయింది. అప్పట్నుంచి అర్ధరాత్రి దడ, ఊపిరాడదు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. థెరపీకొచ్చి ఏరియేటర్లు, మేత రేటు, కౌంటు తప్ప ఇంకో మాట ఎత్తడు. థెరపిస్టు ఒకసారి గడియారం వంక చూస్తాడు. ఈయన చటుక్కున కండువా భుజాన వేసుకుని, ‘మీకు టైమైనట్టుంది, వస్తా సార్’ అని లేస్తాడు. ఇంకా ఇరవై నిమిషాలుంది! పని తెలిసినవాడు అక్కడే పట్టుకుంటాడు: ‘నేను అటు చూడగానే లేచారే, ఏమనిపించింది?’ ‘మీకు విసుగొచ్చిందేమోనని.’ ఇంకెవరి దగ్గర ఇట్టా అనిపిస్తుందంటే, అప్పుడొస్తుంది నాయన మాట: పుస్తకాలకు డబ్బులడిగితే మొహం తిప్పుకుని పొలానికి పోయిన నాయన. ఈ పొద్దుకీ ఎవరినీ ఏమీ అడగడు, కోపమొచ్చినా మింగుతాడు. పగలు మింగింది రాత్రికి దడై లేస్తుంది. నాయన దగ్గర పడిన భయం ఇప్పుడు థెరపిస్టు మీదికి మళ్లింది చూశారా, ట్రాన్స్‌ఫరెన్స్ అనేది ఇదే. 1895లో డాక్టర్ బ్రాయర్‌తో కలిసి వేసిన పుస్తకంలోనే, ఈ తరహా వైద్యానికి ఆద్యుడైన ఫ్రాయిడ్ దీని గురించి రాశాడు. రెండో వారానికే ‘మీకు మీ నాయన మీద కోపం’ అని తేల్చేసే థెరపిస్టు దగ్గర మాత్రం ఆ రైతు ‘అవును సార్’ అని తలూపి, మళ్లీ రాడు.

మొదటి రెండు మూడు సెషన్లు వివరాలు రాబట్టడానికే పోతాయి. తర్వాత వారానికోసారి, అదే రోజు, అదే టైము, 45–50 నిమిషాలు. చిన్న కోర్సయితే 16 నుంచి 24 సెషన్లు, పెద్దదైతే ఏడాది దాటుతుంది. రాకపోతే ఫీజు సంగతేంటో ముందే మాట్లాడుకోండి. ఆలస్యంగా రావడం, మాటలు దొరక్కపోవడం, సరిగ్గా ఏడుపొచ్చే వారమే ఊళ్లో పెళ్లి పడటం, ఇవన్నీ కూడా థెరపీలో మాట్లాడుకోవాల్సినవే.

మన దగ్గర ఇంకో పీడ ఉంది. మేనమామ, వదిన, తమ్ముడు అందరూ లోపలికొచ్చి కూర్చుంటారు, అడిగిన ప్రశ్నకు పేషెంటు బదులు వాళ్లే జవాబు చెబుతారు. వాళ్లని బయట బెంచీ మీద కూర్చోబెట్టలేని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం దండగ.

లేని గొంతులు వినపడుతున్నా, బైపోలార్ ఉధృతిలో ఉన్నా ముందు సైకియాట్రిస్టు, మందులు. చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీకి వేరే పద్ధతి మేలు, భయపడేదాన్నే కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేసే ఎక్స్‌పోజర్ థెరపీ అడగండి. వాడుతున్న మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. చచ్చిపోవాలనిపిస్తుంటే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మధ్యలో మానెయ్యాలనిపిస్తే ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవద్దు. ఇంకొక్కసారి వెళ్లి, డబ్బు దండగనిపిస్తోందనో, మీ మీద కోపంగా ఉందనో థెరపిస్టుకే మొహం మీద చెప్పండి. ఆ మాటకు థెరపిస్టు ఉలిక్కిపడి సంజాయిషీ మొదలుపెడితే అప్పుడు మానెయ్యండి.