అడగండి చెప్తాం: పులుపులో కూడా ఈస్ట్ చావదేంటి?

ప్రశ్న: సార్, ఎండాకాలానికని నిమ్మకాయ స్క్వాష్ చేసి మూడు సీసాల్లో పోసి పెట్టా. పంచదార పాకం చిక్కగానే పట్టించా, సోడియం బెంజోయేట్ కూడా వేశా. రెండు బానే ఉన్నాయి గానీ మూడోది మూత తీయగానే బుస్సుమని పొంగి గట్టంతా అయింది, కల్లు వాసన కూడా వచ్చింది. అంత పుల్లటి దాంట్లో, పైగా మందు వేశాక కూడా ఈస్ట్ ఎలా బతికిందండీ?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: ముందు ఆ సీసా పారబోసేయండమ్మా, మళ్ళీ మరగబెట్టి వాడదాం అనుకోవద్దు. ఇక విషయానికొస్తే, పులుపంటే ఈస్ట్‌కి పెద్దగా భయం లేదు, నిజం చెప్పాలంటే దానికి కాస్త పుల్లగా ఉంటేనే సుఖం. బ్రెడ్డుకీ వైనుకీ వాడే శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4, 5 దగ్గర హాయిగా పెరుగుతుంది, పైగా తీపి తింటూ తనే ప్రోటాన్లు, అంటే పులుపు పుట్టించే హైడ్రోజన్ అయాన్లు, బయటికి వదిలి చుట్టుపక్కలంతా ఇంకా పులిసేలా చేస్తుంది. మీ నిమ్మరసం పీహెచ్ 2, 2.5 ఉంటుంది నిజమే, కానీ అందులో ఉన్న సిట్రిక్ యాసిడ్ కణం పొర దాటి అంత తేలిగ్గా లోపలికి పోలేదు, బయటే ఉండిపోతుంది.

ఈస్ట్‌ని నిజంగా ఇబ్బంది పెట్టేవి లోపలికి దూరే యాసిడ్లు. వెనిగర్లో ఉండే అసిటిక్, మీరు వేసిన బెంజోయిక్, సాసుల్లో వేసే సోర్బిక్, ఇవన్నీ ఆ బాపతే. బయట బాగా పుల్లగా ఉన్నప్పుడు వీటి అణువులు విడిపోకుండా, ఏ ఛార్జీ (విద్యుదావేశం) లేకుండా ఉంటాయి, ఛార్జీ లేదు కాబట్టి కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరలోంచి జారి లోపలికెళ్ళిపోతాయి. లోపలేమో పీహెచ్ 7 దగ్గర ఉంటుంది, అక్కడికెళ్ళగానే అణువు కాస్తా ఒక ప్రోటానూ, ఛార్జీ ఉన్న ఇంకో ముక్కా అయిపోతుంది, ఆ ముక్క వచ్చిన దారిన బయటికి పోలేదు. ఇలా ఒకదాని వెనక ఒకటి దూరుతూ ఉంటే లోపలంతా పులిసిపోయి ఎంజైములు మొరాయిస్తాయి, కణం పెరగడం ఆపేస్తుంది. బెంజోయేట్ పుల్లటి వాటిల్లోనే పనిచేస్తుంది, పాలల్లో వేస్తే దండగ అనేది కూడా ఇందుకే. లెక్క కావాలంటే, పీహెచ్ 4.2 దగ్గర బెంజోయిక్ యాసిడ్లో సగం విడిపోకుండా ఉంటుంది, 3.2 కి దిగితే 90 శాతం పైనే, అదే 6.2 కి ఎక్కితే ఒక్క శాతం మాత్రమే. అంటే మీ స్క్వాష్‌లో మందుకి పదును పెట్టింది నిమ్మరసమే.

మరి ఈస్ట్ ఊరుకుంటుందా? దాని పొరలో పీఎంఏ1 అనే పంపు ఉంటుంది, కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లని ఒక్కొక్కటిగా బయటికి తోస్తుంది, ఇది లేకపోతే ఈస్ట్ బతకనే బతకదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి వాన నీళ్ళు వస్తుంటే మోటర్ పెట్టి తోడుతూనే ఉంటారు చూడండి, నీళ్ళు పోతాయి గానీ కరెంటు బిల్లు మోగిపోతుంది, ఇక్కడా అంతే, తోడటానికే శక్తంతా పోతుంటే పెరగడానికి ఏం మిగుల్తుంది. ప్రోటాన్లు పోయినా మిగిలిన ఆ ముక్కలు లోపలే పేరుకుంటాయి కదా, వాటికి వేరే పంపు ఉంది, పీడీఆర్12. సోర్బిక్, బెంజోయిక్, ప్రొపియోనిక్ యాసిడ్ల ముక్కల్ని బయటికి నెట్టేది అదేనని 1998లో తేల్చారు. మామూలప్పుడు ఈ పంపులు పొర మీద కొద్దిగానే ఉంటాయి, యాసిడ్ ముక్కలు లోపల పోగవగానే వార్1 అనే ప్రోటీన్ మేలుకుని ఆ జీన్‌ని ఆన్ చేస్తుంది, కొన్ని గంటల్లో పొర నిండా ఈ పంపులే. అసిటిక్ యాసిడ్‌కైతే ఏర్పాటు వేరు. అక్కడ పెత్తనం హెచ్ఏఏ1 అనే ఇంకో ప్రోటీన్‌ది, దీని గురించి లిస్బన్లో ఇసబెల్ సా-కొరేయా గ్రూపు చాలా పని చేసింది. ఇంకో తమాషా ఏంటంటే అసిటిక్ యాసిడ్ పొరలోంచే కాకుండా గ్లిజరాల్ కోసం ఉన్న ఎఫ్‌పీఎస్1 అనే తలుపులోంచి కూడా దూరుతుంది, అది కనిపెట్టి ఈస్ట్ ఆ తలుపునే పీకి లోపలికి లాక్కుని చెత్తలో వేసేస్తుంది.

అయినా ఇక్కడ ఒక చిక్కుంది. ముక్కని బయటికి నెట్టారనుకోండి, బయట పుల్లగానే ఉంది కదా, అది మళ్ళీ ఒక ప్రోటాన్ తగిలించుకుని మళ్ళీ లోపలికొస్తుంది! అందుకే ఒక్క పంపుల మీదే ఆధారపడితే పని జరగదు, ఈస్ట్ తన గోడనీ పొరనీ కూడా మార్చుకుని దూరేదే తగ్గేలా చూసుకుంటుంది. ఇదంతా సర్దుకునే దాకా పెరుగుదల ఆగిపోతుంది, గంటలు పట్టొచ్చు, యాసిడ్ గట్టిగా ఉంటే రోజులు కూడా పట్టొచ్చు. బయటి నుంచి చూస్తే చచ్చిపోయిందనే అనుకుంటాం. ఒకసారి సర్దుకున్న కణాల్ని తీసి అదే యాసిడ్లో మళ్ళీ వేస్తే మాత్రం అంత ఆలస్యం చేయవు, పంపులు రెడీగా ఉంటాయి కాబట్టి వెంటనే మొదలెడతాయి.

మరి మూడో సీసాయే ఎందుకు? అన్ని కణాలూ ఒకలా ఉండవండీ, ఒకే తల్లి కణం నుంచి పుట్టినా కూడా, యాసిడ్ తగిలాక కొన్నే తేరుకుంటాయి, ఆ కొన్ని చాలు. పైగా జైగోశాకరోమైసిస్ బైలీ అని ఒక ఈస్ట్ ఉంది, స్క్వాషులు సాసులు చేసే ఫ్యాక్టరీల వాళ్ళకి దీని పేరు చెప్తేనే దడ. చిక్కటి పంచదార, పులుపు, బెంజోయేట్ మూడింటినీ తట్టుకుని గ్యాస్ పుట్టించి సీసాలు పగలగొడుతుంది. మీ దాంట్లో ఏది చేరిందో ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ, ఆ సీసా సరిగ్గా మరగలేదేమో, లేదా మూతలో తడి ఉందేమో చూసుకోండి. బెంజోయేట్ అనేది అప్పటికే పడ్డ ఈస్ట్‌ని పెరగకుండా ఆపుతుంది తప్ప కడిగేసినట్టు చంపేయదు, కాబట్టి మొదట్లో ఎన్ని కణాలు పడ్డాయన్నదే ముఖ్యం. మందుని కాసిన్ని గోరువెచ్చటి నీళ్ళల్లో పూర్తిగా కరిగించి, మొత్తం స్క్వాష్‌లో బాగా కలిపాకే సీసాల్లో పోయండి, పొడి అలాగే చల్లితే ఒక సీసాకి ఎక్కువ ఒక సీసాకి తక్కువ వెళ్తుంది. అలాగని ప్యాకెట్ మీద రాసిన మోతాదు మాత్రం దాటించొద్దు.

ప్రశ్న: నేను మొలాసిస్ (చెరుకు మడ్డి) నుంచి ఆల్కహాల్ తీసే డిస్టిలరీలో పనిచేస్తా. బ్రెజిల్ ప్లాంట్లలో ఈస్ట్‌ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడిగి మళ్ళీ వాడతారని మా మేనేజర్ అన్నారు, నమ్మబుద్ధి కాలేదు. నిజమేనా? రోజూ అలా యాసిడ్ కొడితే ఈస్ట్ మొండిదైపోదా?
– ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీ మేనేజర్ గారు కరెక్టే చెప్పారు. అక్కడ ఫెర్మెంటేషన్ అవగానే సెంట్రిఫ్యూజ్‌లో ఈస్ట్‌ని వేరుచేసి, నీళ్ళు కలిపి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్ 2, 2.5 కి దించి ఒకటి రెండు గంటలు ఉంచి మళ్ళీ ట్యాంకులోకి పంపిస్తారు, సీజనంతా ఇదే తంతు. ఇందులో చంపాల్సింది ఈస్ట్‌ని కాదు, దాంతో పాటు చేరిన లాక్టిక్ బాక్టీరియాని. పైన చెప్పిన విషయం ఇక్కడ తిరగబడి పనికొస్తుంది, సల్ఫ్యూరిక్ యాసిడ్ బలమైనది కాబట్టి నీళ్ళల్లో పడగానే విడిపోతుంది, ఆ ఛార్జీ ఉన్న ముక్కలు పొరలోంచి తేలిగ్గా దూరలేవు, కాబట్టి దెబ్బ ఎక్కువగా గోడకీ పొరకీ తగుల్తుంది, ఈస్ట్ గోడని మరమ్మతు చేసుకుంటూ నెట్టుకొస్తుంది. పీహెచ్ 2 సల్ఫ్యూరిక్‌ని ఓర్చుకున్న ఈస్టే, అంత పులుపు లేకపోయినా అసిటిక్ యాసిడ్ ఎక్కువుంటే చతికిలబడుతుంది. మీ వాష్‌లో (పులుస్తున్న మడ్డి ద్రవంలో) అసిటిక్ పెరుగుతోందంటే సీరియస్‌గా తీసుకోమనేది అందుకే.

మొండిదవడం గురించి అడిగారు, అవుతుంది, కానీ ఎక్కువగా జరిగేది వేరు. అక్కడ సీజన్ మొదట్లో బేకర్స్ ఈస్ట్ వేస్తే కొన్ని వారాలకే అది గల్లంతై, చెరుకుతో పాటు వచ్చిన అడవి ఈస్టులు ట్యాంకుని ఆక్రమించేసేవి. సరే, గెలిచిన వాటినే ఏరుకుందాం అనుకున్నారు, అలా దొరికినవే పీఈ-2, క్యాట్-1 అనే రకాలు, ఇప్పుడు వాటినే సీజన్ మొదట్లో వేస్తారు. జీన్లే మారిపోయిన సంగతి చూడాలంటే వైన్ ఈస్టుల్లో చూడాలి. వైన్ చెడిపోకుండా సల్ఫైట్ వేస్తారు కదా, దాన్ని బయటికి తోసే ఎస్ఎస్‌యూ1 అనే పంపు ఉంది, చాలా వైన్ ఈస్టుల్లో 8వ, 16వ క్రోమోజోములు ముక్కలు తెగి ఒకదానికొకటి అతుక్కోవడంతో ఆ జీన్ ముందుకి వేరే స్విచ్ వచ్చి చేరింది, దాంతో పంపు చాలా ఎక్కువగా తయారవుతుంది. మనుషులు సల్ఫైట్ వాడటం వల్లే అలాంటివి మిగిలాయని శాస్త్రవేత్తల అభిప్రాయం, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది.

ప్రశ్న: ఇంటి నుంచి హాస్టల్‌కి పంపిన నిమ్మకాయ ఊరగాయ మీద తెల్లటి పొర కడుతోంది. ఇదీ ఈస్టేనా? తీసేసి తినొచ్చా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: పల్చగా తెల్లగా ఉంటే చాలావరకు ఈస్టే, డిబారియోమైసిస్ లాంటివి ఉప్పుకి కూడా జంకవు. ఇవి గాలి తగిలే చోటే పైన తెట్టు కడతాయి, అక్కడితో ఆగకుండా ఊరగాయలో ఉన్న యాసిడ్లనే తినేస్తాయి, పులుపు తగ్గాక వేరే బూజులకి దారి దొరుకుతుంది. హాస్టల్‌కి పంపేటప్పుడు ఉప్పు తగ్గించి పెట్టారేమో ఇంట్లో కనుక్కోమ్మా. పచ్చగానో నల్లగానో నూగులా కనిపించినా, వాసన మారినా మొత్తం పడేయాల్సిందే. ఈసారి జాడీలో ముక్కలు మునిగేలా నూనె పోయమని చెప్పు, తడి స్పూను పెట్టొద్దు.