బెరియా చరిత్ర రాసేటప్పుడు

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

మీ బెరియా కాలేజీ చరిత్ర మీద నువ్వు పంపిన పేపర్ చిత్తుప్రతి చదివాను. బాగా రాశావు గానీ, తప్పంతా ఒక్కడి నెత్తిన రుద్దేశావు. 1904లో కార్ల్ డే అనే శాసనసభ్యుడు బిల్లు పెట్టాడు, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో తెల్ల, నల్ల పిల్లలు ఒకే చోట చదవడం నేరమైంది, పాపం మీ కాలేజీ ఓడిపోయింది, అంతే కథ. లెక్సింగ్టన్‌లో చరిత్ర పాఠాలు చెప్పినన్నాళ్ళూ పిల్లలతో నాకిదే పేచీ. చట్టం దొరగ్గానే అక్కడే ఆగిపోతారు.

నువ్వు ఇంకా వెనక్కెళ్ళి మొదలుపెట్టు. బానిసత్వాన్ని వ్యతిరేకించిన జాన్ ఫీ 1855లో పెట్టిన బడి అది. 1859 చివర్లో, బానిసల తిరుగుబాటు లేపాలని జాన్ బ్రౌన్ చేసిన దాడి పుట్టించిన భయంతో చుట్టుపక్కల పెద్దమనుషులు ఫీ మనుషుల్ని రాష్ట్రం వదిలి పొమ్మన్నారు. అంతర్యుద్ధం అయ్యాక తిరిగొచ్చి, 1866లో నల్లపిల్లల్ని చేర్చుకున్నారు. ఆ ఏడాది మొత్తం 187 మందిలో 96 మంది నల్లవాళ్ళు, 91 మంది తెల్లవాళ్ళు. తర్వాత కొన్నేళ్ళకి జూలియా బ్రిటన్ అనే నల్ల యువతి అక్కడ సంగీతం నేర్పింది. దక్షిణాదిలో, ఆ రోజుల్లో, తెల్లపిల్లలకి నల్ల టీచరంటే మాటలు కాదు.

మరి 1904 నాటికి నల్ల విద్యార్థులు చిన్న వాటాకి ఎందుకు పడిపోయారు? అదంతా చట్టం రాకముందే జరిగిందిగా! నీ పేపర్‌కి ప్రాణం ఈ ప్రశ్నే. 1892లో ప్రెసిడెంటుగా వచ్చిన విలియం ఫ్రాస్ట్ ఉత్తరాది దాతల దగ్గరికెళ్ళి, అపలాచియా కొండల్లోని తెల్ల పేదల గురించి చెప్పి చందాలు తెచ్చాడు. పిల్లలూ అటునుంచే పెరిగారు. తమాషా ఏమిటంటే, ఆయన బానిసత్వం మీద పోరాడిన విలియం గుడెల్‌కి స్వయానా మనవడు. ఫ్రాస్ట్‌ని తిట్టిపొయ్యమనడం లేదు. కొండల పేదరికం నిజమే. కానీ ఒకరికి వేసిన పీట ఇంకొకరి కిందనుంచి లాగిందా కాదా అన్నది నువ్వే తేల్చాలి.

తేల్చడానికి మీ కాలేజీ హచిన్స్ లైబ్రరీలో, విద్యార్థుల పేర్లుండే ఏడాదివారీ కాలేజీ క్యాటలాగులు తీసుకో. పేరు చూసి రంగు ఊహించకు. పేరు, ఊరు రాసుకుని జనాభా లెక్కల పట్టీలతో సరిచూడు. 1890 పట్టీలు దాదాపు అన్నీ అగ్నిప్రమాదంలో నాశనమైపోయాయి. అంటే నీకు సరిగ్గా కావలసిన కాలానికే ఖాళీ. 1880, 1900 పట్టీల్లో అవే కుటుంబాల్ని వెతుక్కో. విసుగు పని, నాకు తెలుసు. మిగతా పేపరంతా దీనిమీదే నిలబడుతుంది.

ఆ చట్టం మీద కాలేజీ నడిపిన కేసు దగ్గరికొస్తే, 1908 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు సారాంశాలు చదివి ఊరుకోకు, అసలు తీర్పే చదువు. కాలేజీకి వెయ్యి డాలర్ల జరిమానా పడిన వ్యవహారమిది. జస్టిస్ బ్రూయర్ మనుషుల హక్కుల జోలికే పోలేదు. కాలేజీ రాష్ట్రం చార్టర్ (అంటే స్థాపనకి అనుమతి పత్రం) ఇచ్చిన సంస్థ, ఆ చార్టర్‌ని రాష్ట్రం మార్చుకోవచ్చు అని పక్కదారిన తప్పించుకున్నాడు. జస్టిస్ హార్లాన్ రాసిన అసమ్మతి తీర్పు మాత్రం సూటిగా ఉంటుంది. బడిలో కలిసి కూర్చోవడం నేరమైతే రేపు ఆదివారం బైబిలు బడిలో కూర్చోవడమూ నేరమేనా అని నిలదీశాడు. ఆయనా కెంటకీవాడే, బానిసల్ని పెట్టుకున్న ఇంటివాడే. ఈ భాగానికి ఎన్ని పేజీలిచ్చినా తప్పులేదు.

ఓడాక కాలేజీ చేసినవి నాలుగు వాక్యాల్లో చెప్పు చాలు: నల్ల విద్యార్థులు వేరే చోట చదువుకోవడానికి సాయం, 1912లో షెల్బీ కౌంటీలో నల్లపిల్లల కోసం తెరిచిన లింకన్ ఇన్‌స్టిట్యూట్‌కి చందాలు. "ఉదారంగా" అని రాశావు, ఆ మాట కొట్టెయ్. 1950లో చట్టాన్ని సడలించగానే బెరియా మళ్ళీ తలుపు తెరిచిందన్నది గౌరవంగానే రాయి. మధ్యలో పోయిన నలభై ఆరేళ్ళని దాని పక్కనే పెట్టు.

ఇంకోటి. మన ఊళ్ళ రెండు గ్లాసుల పద్ధతి నీకు గుర్తొస్తుంది, నాకూ వచ్చింది. పోలిక పేపర్లోకి తేకు. కులం కథ దానికదే పెద్దది, ఇక్కడ ఇరికిస్తే రెండూ పలచబడతాయి.

క్యాంపస్ బయట ఫారిస్‌టౌన్, మిడిల్‌టౌన్ నల్లవాళ్ళ ఊళ్ళు. అక్కడి చర్చిల్లో పెద్దవాళ్ళతో మాట్లాడు. "వివక్ష ఉండేదా?" అని అడక్కు, ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "మీ నాన్నగారు ఏ బడికెళ్ళారు? అంత దూరం ఎలా వెళ్ళేవారు?" అని అడుగు. రికార్డరు ఆన్ చేసేముందు అనుమతి తీసుకో. వెళ్ళే రోజు ముందుగా చెప్పు, కారులో నేను తీసుకెళ్తాను.

మీ పెదనాన్న