డీజిల్ డిజైర్ కొంటానన్న మేనల్లుడికి

తిరుపతి,
గురువారం రాత్రి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 2012 మోడల్ డిజైర్, డీజిల్, ఏపీ 03 అంటే మన చిత్తూరు నంబరు, మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. బయట అద్దంలా మెరుస్తోంది, లోపల కొత్త సీటు కవర్లు, డాష్‌బోర్డు మీద శ్రీవారి బొమ్మ. అన్నీ బాగున్నాయి. అయితే పదకొండు ఫొటోలు పంపి ఒక్కదానిలోనూ బానెట్ ఎత్తలేదు. అది నీ మరుపో, అమ్మేవాడి తెలివో నాకు తెలియదు. అందుకే ఫోనులో చెప్పకుండా కాగితం తీశాను. ఫోనులో చెబితే నువ్వు "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావు, అంతటితో సరి.

ముందు అడగవలసింది అడుగుతాను. నీకు డీజిల్ బండి ఎందుకు? రోజూ చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లి రావాలంటున్నావు, దారిలో మొగిలి ఘాట్ ఉంది. అయితే సరే. అలా కాకుండా కట్టమంచి నుంచి గాంధీ రోడ్డు దాకా తిరగడానికైతే పెట్రోలు బండి చూసుకో. ఈ ఇంజిన్‌కు వారానికి రెండుసార్లైనా ఒళ్లు బాగా వేడెక్కే పరుగు ఉండాలి. వీధుల్లో నత్తనడక నడిస్తే లోపల మసి పేరుకుంటుంది. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఈ బండిలోని 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ పుట్టిల్లు ఇటలీ. 2003లో ఫియట్ మల్టీజెట్ పేరుతో తెచ్చింది. 2005లో అంతర్జాతీయ ఇంజిన్ల పోటీలో 1 నుంచి 1.4 లీటర్ల తరగతి బహుమతి దీనికే వచ్చింది. మన దేశంలో మారుతి దీన్ని 2007లో స్విఫ్ట్‌లో, 2008లో డిజైర్‌లో పెట్టి డీడీఐఎస్ అంది. టాటా వాళ్లు విస్టాలో, మాంజాలో పెట్టి క్వాడ్రాజెట్ అన్నారు. ఫియట్ పుంటో, లీనియాల్లోనూ ఇదే. పేర్లు మూడు, మనిషి ఒక్కడే. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ బండ్లనే మానేసింది. అందుకే ఇప్పుడు దొరికేవన్నీ ఎవరో ఒకరు వాడినవే.

కొలతలు చెబుతాను, రాసి పెట్టుకో. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 69.6 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 82. నీ డిజైర్‌లో ఉన్నది 75 హార్స్‌పవర్ రకం, నిమిషానికి 4000 చుట్ల దగ్గర. లాగుడు, అంటే టార్క్, 190 న్యూటన్ మీటర్లు, అది 2000 చుట్ల దగ్గర. ఎర్టిగా, సియాజ్, ఎస్‌ఎక్స్4, బ్రెజాల్లో వచ్చింది 90 హార్స్‌పవర్ రకం, దాని టార్క్ 200. తేడా ముఖ్యంగా టర్బోలో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే చక్రంలో, ఉంటుంది. 90 రకం టర్బోలో రెక్కలు కదులుతూ గాలిదారిని మారుస్తాయి, 75 రకంలో ఆ ఏర్పాటు లేదు. ఆ రెక్కలు మసి పట్టి బిగుసుకుపోతే ఖర్చు చాలా ఎక్కువ. నీ బండికి ఆ బాధ లేదు, సంతోషించు.

ఈ కొలతలన్నింటిలోకీ నేను పెద్ద అక్షరాలతో రాసుకున్నది ఒక్కటే. ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ సుమారు మూడు లీటర్లు. అంతే. ఆ మూడు లీటర్లే టర్బోను చల్లబరచాలి, పిస్టన్లను తడపాలి, వాల్వులను పిస్టన్లతో తాళం తప్పకుండా నడిపే టైమింగ్ చైన్‌ను బిగించి పట్టుకునే టెన్షనర్‌కు బలం ఇవ్వాలి. ఈ బండికి టైమింగ్ బెల్ట్ ఉండదు, ఇనుప చైన్ ఉంటుంది. చైన్ కదా, జీవితాంతం ఉంటుందని చాలామంది అనుకుంటారు. టెన్షనర్ నడిచేది ఆయిల్ ఒత్తిడితో. ఆయిల్ అర లీటరు తగ్గినా, మురికిపట్టి చిక్కబడినా చైన్ వదులవుతుంది, దాన్ని దారిలో ఉంచే గైడ్లు అరుగుతాయి. పెద్ద ఇంజిన్‌లో అర లీటరు తగ్గితే లెక్కలోకి రాదు. మూడు లీటర్లలో అర లీటరంటే ఆరో వంతు!

ఇది నేను చదివి చెప్పేది కాదు. నా స్విఫ్ట్‌తో తిరుపతి స్టేషన్ నుంచి కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుత్తణి యాత్రికులను తిప్పే రోజుల్లో, పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని శబ్దం వచ్చేది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. తర్వాత ఆగిపోయేది. నేను నమ్మిన ఒక మెకానిక్ "డీజిల్ బండి, అలాగే ఉంటుంది" అన్నాడు. యాత్రల సీజను కావడంతో నాకూ ఆ మాటే తీపిగా వినబడింది. ఒకరోజు తెల్లవారుజామున కాణిపాకం గుడి దగ్గర, ఒక యాత్రికుల కుటుంబాన్ని ఎక్కించుకుని తాళం తిప్పాను. టక్కున ఒక దెబ్బ వినిపించింది, ఇంజిన్ ఆగిపోయింది. చైన్ పళ్లు జారింది. వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలాయి, వాల్వులను నొక్కే రాకర్లు విరిగాయి. బండిని తాడు కట్టి తిరుపతికి లాక్కొచ్చాం. ఆ కుటుంబంలోని చిన్న పాప మాత్రం గణపతికి పెట్టగా మిగిలిన కుడుము నా చేతిలో పెట్టి పోయింది. ముందే చైన్, టెన్షనర్, గైడ్లు మార్పించి ఉంటే అయ్యే ఖర్చుకు నాలుగింతలు వదిలింది.

కాబట్టి బండి చూడటానికి వెళ్లినప్పుడు మొదటి పని, చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయించు. అమ్మేవాళ్లు తెలివిగా నువ్వు వచ్చే అరగంట ముందే ఒక రౌండు తిప్పి ఉంచుతారు. బానెట్ మీద అరచెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే "రేపు వస్తాను" అని వచ్చెయ్. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించు, మాట్లాడకుండా చెవి పెట్టు. గలగల ఒక్క సెకను దాటితే చైన్ ఖర్చు ధరలోంచి తగ్గించి అడుగు. ఒప్పుకోకపోతే వదిలెయ్.

రెండో పని, ఆయిల్ గేజి, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ. దీన్ని మాత్రం ఆ స్టార్ట్ చేయించకముందే తియ్యి. నల్లగా ఉంటే బెంగ వద్దు, డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ వెయ్యి కిలోమీటర్లకే నల్లబడుతుంది. వేళ్ల మధ్య రుద్దితే తారులా జిగటగా ఉండకూడదు, గీతకు కింద ఉండకూడదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. సన్నటి ఆవిరి వస్తే సరే, ఊదరపొయ్యిలా పొగ ఉబుకుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. సైలెన్సర్ పొగ నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది. నల్లగా ఉంటే గాలి తక్కువో, డీజిల్ ఎక్కువో. వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ వస్తుంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గుతోందేమో చూడు.

కొన్నాక నువ్వు చేసే మొదటి ఖర్చు ఆయిల్, ఫిల్టర్. పాతవాడు నిన్ననే మార్చానని ప్రమాణం చేసినా సరే. బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోయించు. కొన్ని షెడ్లలో లారీలకూ ట్రాక్టర్లకూ పోసే 20డబ్ల్యూ-40 పెద్ద డబ్బాలోంచి పోసేస్తారు. అది చిక్కన, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు చైన్ దగ్గరికి చేరడానికే ఆలస్యమవుతుంది. పుస్తకం 10,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చమంటుంది. మన దుమ్ముకీ ఎండకీ నేను 7,500కే మార్పించేవాణ్ణి. వారానికొకసారి గేజి నువ్వే తీసి చూడు. ఇది మెకానిక్ చేయవలసిన పని కాదు, ఇంటివాడిది.

ఇక టర్బో. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే చిన్న చక్రం అది. తిరుమల ఎక్కి పార్కింగ్‌లో ఆగగానే ఇంజిన్ ఆపెయ్యకు, ఒక నిమిషం నిదానంగా నడవనీ. వెంటనే ఆపితే దానికి ఆయిల్ అందక, లోపల మిగిలిన ఆయిల్ మాడి పెచ్చు కడుతుంది. ఎక్కేటప్పుడు ఇంకో సంగతి. 1900 చుట్ల కింద ఈ ఇంజిన్‌కు ప్రాణం ఉండదు. ఘాట్ మలుపులో రెండో గేరులో చుట్లు పడిపోతే బండి బిక్కచచ్చి నిలబడుతుంది. అప్పుడు క్లచ్ సగం తొక్కి ఈడ్చే డ్రైవర్లను చూస్తుంటాను, మాడు వాసన వెనుక బండికి కూడా వస్తుంది. మొహమాటపడకుండా మొదటి గేరుకు రా. దిగేటప్పుడు, 1944లో తెరిచిన ఆ మొదటి ఘాట్ రోడ్డు మీద, ఎక్కడానికి వాడే గేరులోనే దిగు, బ్రేకులు చల్లగా ఉంటాయి.

పికప్ హఠాత్తుగా తగ్గి నల్లపొగ వస్తే టర్బో పోయిందని వెంటనే చెప్పే మెకానిక్‌ను నమ్మకు. పదిసార్లలో ఆరేడుసార్లు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు చిరిగి ఉంటుంది, లేదా దాని క్లిప్పు జారి ఉంటుంది. ఆ పైపు చుట్టూ ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది చూడు. అదీ కాకపోతే ఈజీఆర్ వాల్వ్. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే తలుపు అది. పైన చెప్పిన నత్తనడక బండ్లకు మసి పట్టి తెరుచుకునే ఉండిపోతుంది. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. దాన్ని రేకు పెట్టి మూసేయమనే వాళ్లున్నారు, వద్దు.

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల అడుగున రాగి వాషర్లు ఉంటాయి. అవి కారితే చుఫ్ చుఫ్‌మని శబ్దం వస్తుంది, చుట్టూ తారులాంటి మడ్డి గడ్డకడుతుంది. బానెట్ ఎత్తగానే అది కనబడితే, ఆ ఇంజెక్టర్ ఎన్నేళ్లుగా అలా ఉందో ఊహించుకో. గట్టిపడ్డాక దాన్ని పీకడం ఒక యుద్ధం. ఇంజిన్ నడుస్తుండగా డీజిల్ పైపుల బిగింపులు వదులు చేయవద్దు, ఎవరినీ చేయనివ్వవద్దు. అందులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. డీజిల్ ఫిల్టర్‌లోని నీళ్లు వానాకాలంలో దించించు. బంకులో పొరపాటున పెట్రోలు పోస్తే తాళం కూడా తిప్పకు, తోసి పక్కకు పెట్టి ట్యాంకు ఖాళీ చేయించు. ఇంజెక్టర్లకు డీజిల్ ఒత్తి పంపే పంపుకు ఆ డీజిలే కందెన.

ఒకే ఇంజిన్ కాబట్టి విస్టా సామాను చవగ్గా తెచ్చి డిజైర్‌కు వేసుకోవచ్చా అని అడిగావు. ఇనుము దగ్గరి చుట్టమే, తోడబుట్టింది కాదు. మౌంటింగులు, వైరింగు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ వేరు. కంప్యూటర్ నీ తాళంతో కూడా ముడిపడి ఉంటుంది, వేరే బండిది పెడితే స్టార్ట్ కాదు. 90 రకం టర్బో తెచ్చి 75కి బిగిస్తే పవర్ వస్తుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. ఇంజెక్టర్ మారిస్తే దాని తల మీది కోడ్‌ను స్కానర్‌తో కంప్యూటర్‌కు చెప్పాలి, స్కానర్ లేని షెడ్డులో ఆ పని వద్దు. ఏ సామాను కొన్నా నీ ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు సరిచూసుకుని కొను. ఇంకో మోసం, బండి వెనుక డీడీఐఎస్ అని ఉన్నవన్నీ ఇదే ఇంజిన్ కావు. డీడీఐఎస్ 190, 200 ఇవి. 320 అన్నది 1.6 లీటర్లది, 225 అన్నది సుజుకీ సొంత 1.5 లీటర్లది. చెవర్లే బీట్ డీజిల్ దీని తమ్ముడే, కానీ మూడు సిలిండర్లు, 936 సీసీ.

కాగితాలు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, బండి మీది నంబరు నువ్వే చూసి పోల్చు. ఎవరైనా ఇంజిన్ మార్చి ఉంటే ఆర్‌టీఓ దగ్గర నమోదు ఉండాలి. 2012 బండికి రిజిస్ట్రేషన్ గడువు 2027 దాకానే, తర్వాత ఫిట్‌నెస్, పొడిగింపు ఖర్చు నీదే. అది కూడా ధరలో మాట్లాడుకో. ఢిల్లీ వైపు పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు పెట్టడంతో అక్కడివి దక్షిణాదికి చవగ్గా వచ్చాయి. నీది ఏపీ 03 కాబట్టి ఆ గొడవ లేదు. కానీ 2015 డిసెంబరులో చెన్నై, 2021 నవంబరులో మన తిరుపతి నీళ్లలో నిలిచాయి. సీటు బెల్టును ఆఖరి దాకా లాగి చూడు, చివర మట్టి మరక ఉంటే ఆ బండి ఈదింది. పన్నెండేళ్లు దాటిన డీజిల్ బండికి 1,38,000 చాలా తక్కువ, సర్వీసు పుస్తకం చూడందే నమ్మకు.

ఆదివారం తొలి బస్సుకు బయల్దేరి వస్తాను. బండి అమ్మే పెద్దమనిషికి ముందే చెప్పు, మేము వచ్చేదాకా బండి తాళం ముట్టుకోవద్దని. మీ అమ్మతో చెప్పు, నాకు ఇడ్లీ వద్దు, రాగి సంకటి చేయమని.

ఇట్లు
మీ మామయ్య