ఇంజిన్‌ఎక్స్ వెనుక ఉన్న ఫ్లాస్క్ యాప్‌కు అందరి ఐపీ 127.0.0.1గా ఎందుకు కనిపిస్తుంది?

ఫ్లాస్క్ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన యాప్‌తో నేరుగా మాట్లాడేది సందర్శకుడి బ్రౌజర్ కాదు, అదే యంత్రంలో ప్రాక్సీగా, అంటే మధ్యవర్తిగా, నడుస్తున్న వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్; అందుకే ప్రతి అభ్యర్థనా 127.0.0.1 (యంత్రం తనను తాను సూచించుకునే చిరునామా) నుంచి వచ్చినట్టు నమోదవుతుంది. బ్రౌజర్ కనెక్షన్ ఇంజిన్‌ఎక్స్ దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి యాప్‌ను నడిపే గునికార్న్ సర్వర్‌కు తెరుచుకునేది వేరే కనెక్షన్. అసలు చిరునామా యాప్‌కు చేరాలంటే ఇంజిన్‌ఎక్స్ దాన్ని ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచారపు వరుసలో) రాసి పంపాలి, యాప్ దాన్ని చదవాలి.

ఉదాహరణకు 203.0.113.7 నుంచి ఒకరు వస్తే హెడర్‌లో ఆ చిరునామా చేరుతుంది. ఫ్లాస్క్ ఆధారపడే వెర్క్‌జోయిగ్ లైబ్రరీలో ఈ హెడర్‌ను చదివే ప్రాక్సీఫిక్స్‌ను ఒక్క ప్రాక్సీకి అమర్చితే యాప్‌కూ అదే కనిపిస్తుంది.

హెడర్‌లోని మొదటి విలువే అసలు ఐపీ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, పైగా ప్రమాదకరమైనది. ఆ హెడర్‌ను ఎవరైనా తమకు నచ్చినట్టు రాసి పంపవచ్చు. మామూలు అమరికలో ఇంజిన్‌ఎక్స్ తాను చూసిన చిరునామాను చివర చేరుస్తుంది. ప్రాక్సీ ఒక్కటే అయితే నమ్మదగినది ఆ చివరిదే.