అద్వితీయుడన్న మాట దగ్గర కాసేపు ఆగు

హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. దేవుడొక్కడే అన్న నమ్మకం గురించి ఇంత ప్రేమగా రాసిన కొత్తవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. అందుకే నాలుగు మెచ్చుకోలు మాటలు రాసి ఊరుకోలేకపోతున్నాను. మూడవ పేజీలో నీ వాదమంతా ఒకే మాట మీద నిలబడింది. బైబిలులో హీబ్రూ నుంచి వచ్చిన ద్వితీయోపదేశకాండంలోనూ గ్రీకు నుంచి వచ్చిన యోహాను సువార్తలోనూ 'అద్వితీయ' అన్న పదమే ఉంది కాబట్టి రెండుచోట్లా చెప్పింది ఒకే సంగతి అన్నావు. తెలుగులో ఒకే పదం ఉన్నది నిజమే. మూలంలో అలా లేదమ్మా.

మా నాన్నగారు వాడిన పాత అనువాదపు బైబిలు ఇప్పుడు నా ముందు ఉంది. ద్వితీయోపదేశకాండం 6:4 పక్కన ఆయన పెన్సిలుతో గీసిన నిలువు గీత సగం చెరిగిపోయింది. "ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." ఇక్కడ హీబ్రూలో ఉన్న మాట 'ఎఖాద్', ఒకటి, రెండు అని లెక్కపెట్టేటప్పుడు వాడే మామూలు 'ఒకటి'. ఆ ఎఖాదే ఆదికాండం 1:5లో "ఒక దినమాయెను" అన్నచోట 'ఒక' అయింది, 2:24లో భార్యాభర్తల గురించి చెప్పినప్పుడు "ఏక శరీరము" అన్నచోట 'ఏక' అయింది. యోహాను 17:3కు వెళ్లు. "అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును" అన్నచోట గ్రీకు మాట 'మోనోస్', అంటే 'నీవు మాత్రమే' అన్నప్పటి 'మాత్రమే'. చిన్నప్పుడు మనమంతా కంఠస్థం చేసిన యోహాను 3:16లో "అద్వితీయకుమారునిగా" అన్నదాని వెనుక ఉన్నది 'మోనోగెనేస్', ఒక్కగానొక్కడు. మూడు వేరువేరు మాటలు తెలుగులో ఒకే గుమ్మం గుండా లోపలికి వచ్చాయి. ఇందుకు ఎదురుగా, ఒకే గ్రీకు మాట 'హెయిస్' మార్కు 12:29లో "అద్వితీయ ప్రభువు" అయింది, యాకోబు 2:19లో "దేవుడొక్కడే" అయింది. తెలుగు పదాన్ని మాత్రమే పట్టుకుని ఒక వచనాన్ని ఇంకో వచనంతో ముడివేస్తే, మనం ముడివేసేది అనువాదకుని ఎంపికలనే.

ఈ పొరపాటు నేనూ చేశాను. నా తొలి వ్యాసాల్లో ఒకదానిలో ఇదే పదం మీద ఇలాంటి వాదమే కట్టాను. హీబ్రూ బోధించే ఒక పెద్దాయన నాకు పోస్టుకార్డు రాశారు. అందులో ఉన్నది ఒకే ప్రశ్న: "మూలంలో చూశారా?" ఆ రోజు పడిన సిగ్గు నాకు మేలు చేసింది. ఆ తరువాత ఏ వచనం మీదైనా రాసేముందు కింద ఏ మాట ఉన్నదో కనుక్కోకుండా కలం పట్టలేదు.

అలాగని 'అద్వితీయ'ను తీసేయమని నేను చెప్పడం లేదు. అది అందమైన మాట. కానీ దానికి మనకంటే ముందే ఒక ఇల్లు ఉంది. "ఏకమేవాద్వితీయం" అని ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో విన్నవారికి ఆ పదం చూడగానే రెండవ వస్తువంటూ లేని సత్తు, అంటే ఆ ఒకే ఉనికి, గుర్తుకు వస్తుంది. మోషే ప్రజలకు చెప్పిన మాట వేరే దిక్కుకు నడుస్తుంది. వెంటనే వచ్చే వచనం "నీ పూర్ణహృదయముతోను" ఆయనను ప్రేమించమంటుంది. అక్కడి 'ఒక్కడు' తత్త్వవిచారం కంటే ముందు విశ్వాసపాత్రతకు సంబంధించినది. నీ పాఠకుల్లో ఈ రెండు ఇళ్లవారూ ఉంటారు గనుక, ద్వితీయోపదేశకాండంలోని పద్యం లాంటి ఆ పాత వాక్యాన్ని ఉదహరించాక నీ సొంత మాటల్లో ఒక సాదా వాక్యం కూడా రాయి. ఆ వచనంలో హీబ్రూకు క్రియే లేదు: యెహోవా, మన దేవుడు, యెహోవా, ఒక్కడు. ఇంగ్లీషువాళ్లు ఎక్కడో ఒకచోట క్రియను చొప్పించక తప్పదు. మనకు ఆ ఇబ్బంది లేదు. "యెహోవా మన దేవుడు, యెహోవా ఒక్కడే" అంటే చక్కని తెలుగే. మన భాషకు ఉన్న ఈ సౌలభ్యాన్ని వాడుకో.

హీబ్రూలో 'దేవుడు' అనడానికి వాడే 'ఎలోహీమ్' గురించి నీవు రాసిన పేరా తొందరలో రాసినట్టుంది. అది రూపంలో బహువచనం. అయినా ఆదికాండం మొదటి వాక్యంలో దాని క్రియ 'బారా' (సృజించెను) ఏకవచనం. తెలుగువారికి ఇది విప్పి చెప్పడానికి పెద్ద వ్యాకరణం అక్కరలేదు. "నాన్నగారు వచ్చారు" అన్నప్పుడు మనిషి ఒక్కడే, క్రియ బహువచనం. ఎలోహీమ్ విషయంలో అది తిరగబడింది, నామం బహువచనం, క్రియ ఏకవచనం. దీన్ని గౌరవ బహువచనమని చాలామంది పండితులు అంటారు, ఆ పోలిక మనకు వెంటనే అందుతుంది. ఇంతటితో ఆగు, దీని నుంచి త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని, రుజువు చేయబోకు, కాదనీ వాదించబోకు, ఒక ప్రత్యయం అంత బరువు మోయదు.

మనకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవన్న సంగతి కూడా మరచిపోకు. ఇంగ్లీషు చదువరికి మొదటి అక్షరం పెద్దదైతే నిజదేవుడు, చిన్నదైతే ఇతర దేవుళ్లు. ఆ తేడాను మనం పదంతోనే చూపాలి. 82వ కీర్తన ఆరవ వచనంలో "మీరు దైవములనియు" అని పాత అనువాదకులు బహువచనాన్ని దాచకుండా అలాగే ఉంచారు, అది నాకు నిజాయితీగా తోస్తుంది. అందుకే నీ వ్యాసంలో ఇతరుల దేవతలను చులకన చేసే విశేషణాలు రెండుచోట్ల కనిపించినప్పుడు బాధ కలిగింది. కొట్టివేయి.

మన ఊళ్లో ఈ చర్చ ఒక్క తెలుగుతో ముగియదు. మా పైఅంతస్తులో ఉండే ఉర్దూ మాస్టారు తన బైబిలులో 'ఖుదా', 'ఖుదావంద్' అని చదువుతారు. ఎదురింటి కతోలిక కుటుంబం సాయంకాలపు జపంలో 'సర్వేశ్వరా' అంటుంది. నేను 'యెహోవా' అంటాను, ఆ పలుకులో హల్లులు దేవుని పేరువి, అచ్చులు 'అదోనాయ్' (ప్రభువు) అనే మరో మాటవని తెలిసి కూడా. 1812లో మిషనరీ డెస్ గ్రాంజెస్, ఆయనకు తోడుగా ఆనందరాయరు చేసిన తెలుగు సువార్తలు బెంగాలులోని సేరంపూరులో అచ్చయినప్పటి నుంచీ, అంతకు చాలా ముందే జర్మన్ మిషనరీ షూల్ట్‌జ్ చేసిన అనువాదం అచ్చుకు నోచుకోకుండా ఉండిపోయినప్పటి నుంచీ, ఈ వెతుకులాట సాగుతూనే ఉంది. ఈ పేర్లన్నీ ఒకరినే పిలుస్తున్నాయా అన్న ప్రశ్నను నీ వ్యాసంలో ధైర్యంగా అడుగు, జవాబుకు తొందరపడకు.

మూడవ పేజీ తిరగరాసి తీసుకురా. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఇంట్లోనే ఉంటాను. మాస్టారిని కూడా కిందికి రమ్మంటాను, ఆ వచనాన్ని ఆయన ఉర్దూలో చదువుతుంటే నీవు నాన్నగారి పుస్తకంలో చూసుకుందువుగాని.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి