రఫ్ కాపీకి మార్కులేయకు

అమ్మాయీ,

తొమ్మిదో తరగతి పిల్లలు నువ్వు కరెక్షన్ చేసిచ్చిన ఇంగ్లీషు నోటుబుక్కులు తెరిచైనా చూడట్లేదని రాశావు. చూడరు మరి. పదికి నాలుగని కనబడ్డాక దాని కింద రాసింది ఎవరు చదువుతారు? విద్యా మనస్తత్వవేత్త రూత్ బట్లర్ 1988లో అచ్చువేసిన పరిశోధన ఇంగ్లీషు రాతల మీద చేసింది కాదు గానీ, తేలింది మాత్రం ఇదే. వ్యాఖ్య ఒక్కటే అందుకున్న పిల్లల్లో ఆసక్తి నిలిచింది. పక్కన మార్కు చేరేసరికి ఆ లాభం కాస్తా పోయింది. అందుకని రఫ్‌కి మార్కు వద్దు, ఫెయిర్‌కే వెయ్యి.

పేజీలో ఇరవై తప్పులున్నా వారానికి ఒక రకమే పట్టుకో. ఈ వారం 'డిడ్' అనుకో. 'ఐ డిడ్ నాట్ వెంట్' అని ఉంటే, 'వెంట్' కింద పెన్సిల్ గీత పెట్టి వదిలెయ్. 'గో' అని నువ్వే రాసిస్తే దాన్ని ఫెయిర్‌లోకి ఎక్కించి మర్చిపోతారు. బాగా వెనకబడ్డవాళ్లకు గీత చాలదు, మార్జిన్‌లో 'ఐ డిడ్ నాట్ ఈట్' అని నమూనా ఒకటి రాసిపెట్టు. 'డిస్కస్ అబౌట్' లాంటిది మాత్రం నువ్వే కొట్టెయ్. 'గురించి చర్చించాం' అనే మన తెలుగు అలవాటులోంచి వచ్చిన తప్పది, ఎంతసేపు ఆలోచించినా వాళ్లకు తట్టదు. 'ఎ', 'ద'ల జోలికి ఇప్పుడే పోకు. తెలుగులో అవి లేనే లేవు, వాటికి చాలా వారాలు కావాలి.

దిద్దుకునే పని ఇంటికివ్వొద్దు, జరగదు. బుక్కులు పంచిన పీరియడ్‌లోనే పదిహేను నిమిషాలివ్వు. మార్చిన ప్రతి వాక్యం కింద ఎందుకు మార్చారో ఒక ముక్క రాయమను, తెలుగులో రాసినా సరే: 'డిడ్‌లోనే జరిగిపోయిందని ఉంది, అందుకే గో'. పక్కవాడిది చూసి రాసినవాడు ఇక్కడే దొరికిపోతాడు, ఇద్దరి ముక్కా అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటుంది.

'గుడ్', 'ఇంప్రూవ్' అని రాయడం సిరా దండగ. మేక తప్పిపోయిందని పిల్ల రాస్తే, ముందు 'డిడ్ యూ ఫైండ్ ఇట్?' అని అడుగు. జవాబుగా ఇంకో రెండు వాక్యాలు రాస్తుంది, అందులో 'డిడ్' వాడాల్సి రావచ్చు కూడా.

నలభై బుక్కులూ ఒకేసారి ముందేసుకోకు. ఈ వారం ఇరవై, పై వారం ఇరవై. ఒక్క రకం తప్పే చూస్తావు కాబట్టి బుక్కుకి మూడు నిమిషాలు, మొత్తం గంట.